తీసిపెట్టమన్న గొంతు

కంప్యూటర్‌కి మొహమాటం లేదు. ఉన్నది ఉందంటుంది, లేనిది లేదంటుంది, వినేవాళ్ళు ఏమైపోతారోనన్న జాలి దానికి ఉండదు. ఆ శనివారం పొద్దున ఘాజియాబాద్‌లోని మూడో అంతస్తు ఫ్లాట్‌లో అనుగ్రహ ఎన్నిసార్లు ఆపి మళ్ళీ వేసినా తెర మీద ‘సి’ ఒక్కటే కనిపించింది. దాని పక్కన ఉండాల్సిన ‘టి’ కనిపించలేదు. ‘టి’ అంటే తోమాసు, ఆమె తండ్రి. కొత్త హార్డ్ డిస్క్‌కి ఆయన పేరులోని మొదటి అక్షరమే పెట్టుకున్నారు. ఆయన గొంతు మొత్తం అందులో ఉంది.

మొత్తం అంటే మొత్తమే. తోమాసు మెడలో ఉండాల్సిన స్వరపేటికను డాక్టర్లు అంతకు ముందు వారం కోసి తీసేశారు. కేన్సర్. బీడీ ముక్క ముట్టని మనిషికి, ఆదివారం ఆదివారం తెలుగు క్రైస్తవ సహవాసంలో అందరికంటే ముందు నిలబడి పాట ఎత్తుకునే మనిషికి, పోయి పోయి గొంతులోనే పుట్టింది. దేవుడి మీద కోపం తెచ్చుకునే హక్కు ఆ ఇంట్లో ఎవరికైనా ఉంటే అది ఆయన భార్య ఆనందకుమారికి ఉండాలి. ఆవిడ ఆ కోపమూ తెచ్చుకోలేదు. ఇన్నేళ్ళుగా నర్సు. కోయాల్సింది కోయకపోతే ఏమవుతుందో చూసి చూసి ఉన్న మనిషి, నోరెత్తకుండా ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టింది. ప్రాణం దక్కింది, మాట పోయింది. తర్వాతెప్పుడో మెడకు ఆనించుకునే మిషనొకటి ఇస్తారట. దానితో మాటలైతే వస్తాయి గాని అవి మిషను మాటలు, ఎవరు మాట్లాడినా ఒకేలా బుయ్యిమంటాయి.

అందుకే తోమాసు ఆపరేషన్‌కి ముందే ఆస్పత్రి ల్యాబ్‌లోని ఉద్యోగానికి సెలవు పెట్టి, రోజూ మధ్యాహ్నం గది తలుపు వేసుకుని, అనుగ్రహ ఆఫీసు హెడ్‌సెట్ తలకు తగిలించుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నారు. బయటికి మాట స్పష్టంగా వినిపించేది కాదు. గొణిగినట్టు, మధ్యలో నవ్వినట్టు, ఒక్కోసారి చాలాసేపు ఏమీ లేనట్టు ఉండేది. అప్పటికే గొంతు బొంగురుపోయింది. అయినా అది ఆయన గొంతే.

“లోపల ఏం చేస్తున్నావ్ డాడీ?” అని అనుగ్రహ ఒకసారి అడిగింది. హిందీలో అడిగింది. ఆ పిల్ల పుట్టింది ఇక్కడే, బడికి వెళ్ళింది ఇక్కడే, ఇప్పుడు నోయిడాలో ఉద్యోగం. ఇంట్లో తల్లీతండ్రీ తెలుగులో అడగడం, తను హిందీలో బదులివ్వడం చిన్నప్పటినుంచీ నడుస్తున్న ఏర్పాటు. ఆమె మాటలను ఇక్కడ తెలుగులో చెప్పుకుంటున్నాం గాని అవి చాలావరకు హిందీ మాటలే. ఆ ఏర్పాటు మీద ఇంట్లో ఎప్పుడూ తగువు రాలేదు. అర్థమవుతోంది కదా, ఇంకేం కావాలి అనుకున్నారు ముగ్గురూ. అర్థమవడంలోనూ లోతు ఎక్కువ తక్కువలుంటాయని ఎవరికీ తట్టలేదు.

“నీతోనే మాట్లాడుతున్నానమ్మడూ,” అన్నారు తోమాసు. నరసాపురం యాస ఇన్నేళ్ళ ఢిల్లీలో కూడా ఆయన్ని వదల్లేదు. “నీ పెళ్ళప్పుడు తండ్రి చెయ్యాల్సిన ప్రార్థనొకటుంది. మా నాన్న సంగతులున్నాయి. నేనెప్పుడూ నీకు చెప్పలేదు, నువ్వూ ఎప్పుడూ అడగలేదు. అయ్యన్నీ చెప్పి ఉంచుతున్నాను. ఇప్పుడు వినకే. నా ఎదురుగా వింటే నాకు సిగ్గుగా ఉంటది. నేను ఆస్పత్రిలో పడుకున్నాక తీరిగ్గా విను.”

చెప్పి ఉంచడానికి ఆయనకు దొరికిన చోటు మాత్రం కంప్యూటర్‌లో అదనంగా తగిలించి ఉన్న పాత హార్డ్ డిస్క్. అది అప్పటికే లోపల్నుంచి టిక్కుటిక్కుమంటోంది. ఆ చప్పుడు మంచిది కాదని ఆఫీసులో అనుగ్రహ పక్క సీటు సుహాస్ చెప్పాడు. హైదరాబాద్ వాడు, ఢిల్లీలోని మునిర్కాలో గది తీసుకుని ఉంటాడు, ఎవరి కంప్యూటర్ తుమ్మినా తనే మందు చెప్పాలనుకునే రకం. అతని మాట మీద అనుగ్రహ నెహ్రూ ప్లేస్ వెళ్ళి కొత్త డిస్క్ కొనుక్కొచ్చింది. కేబుళ్ళు తగిలించి వేసి చూస్తే కంప్యూటర్ దాన్ని గుర్తించలేదు. కొత్త డిస్క్ ఉన్న ఆనవాలే లేదు. అప్పుడు సుహాస్ ఫోన్‌లో నవ్వాడు.

“అరే, కొత్త డిస్క్ గట్లనే ఉంటది. దానికి పేరు పెట్టలే గదా నువ్వు. డిస్క్ మేనేజ్‌మెంట్ ఓపెన్ చెయ్. కింద నల్లగ ఒక పట్టీ కనపడ్తుందా? దాని మీద రైట్ క్లిక్ కొట్టి ఫార్మాట్ చేసి, ఒక అక్షరం ఇయ్యి. చాలు.”

వెనక నిలబడి వింటున్న తోమాసుకు ఇది భలే నచ్చింది. “అదీ సంగతి! బిడ్డకి బాప్తిస్మం ఇచ్చి పేరు పెట్టందే సంఘంలో ఎవరు లెక్కేస్తారు? పెట్టమ్మా, మంచి పేరు పెట్టు,” అన్నారు. అనుగ్రహ ‘టి’ పెట్టింది. తెర మీద డిస్క్ చటుక్కున ప్రత్యక్షమైంది. తోమాసు బొంగురు గొంతుతోనే ‘ఆమెన్’ అన్నారు. వంటింట్లో ఆనందకుమారి కూడా నవ్వింది. ఆ ఇంట్లో ముగ్గురూ కలిసి నవ్వింది అదే ఆఖరు.

మర్నాడు సాయంత్రం ఆస్పత్రిలో చేరాలి. బ్యాగు గుమ్మం దగ్గర పెట్టి, చెప్పులు వేసుకుంటూ ఆయన వెనక్కి తిరిగి చెప్పారు. “అమ్మడూ, అయ్యన్నీ కొత్తదాంట్లో జాగ్రత్తగా తీసిపెట్టు.”

“హో జాయేగా డాడీ,” అంది అనుగ్రహ. అయిపోతుందిలే అని.

ఆ తర్వాత కూడా తోమాసు మాట్లాడారు. క్యాబ్ డ్రైవర్‌కి దారి చెప్పారు, ఆపరేషన్ థియేటర్ గుమ్మం దాకా భార్యకు ధైర్యం చెప్పారు. కాని కూతురికి ఒప్పజెప్పిన పని మాత్రం అదొక్కటే. ఆ పిల్ల దాన్ని అక్షరం పొల్లుపోకుండా చేసింది. ఆ రాత్రే కంప్యూటర్ ముందు కూర్చుని డాడీ ఫైళ్ళన్నిటినీ ఎంచుకుంది. తీసి, పెట్టు. తీయడమంటే కట్, పెట్టడమంటే పేస్ట్. పాతదాంట్లోంచి తీసింది, కొత్తదాంట్లో పెట్టింది. తండ్రి చెప్పిన తెలుగు మాటను ఒక్క ముక్క కూడా వదలకుండా పాటించానన్న తృప్తి కూడా కలిగింది.

అంతటితో ఆగినా బాగుండేది. ఎప్పుడు చస్తుందో తెలియని పాత డిస్క్ ఇంట్లో ఎందుకనుకుంది. బయటివాళ్ళ చేతికి వెళ్ళే డిస్క్‌ని పూర్తిగా తుడిచి ఇవ్వాలని ఆఫీసు శిక్షణలో నేర్పారు. అందుకని ఒక పూటంతా కూర్చుని శుభ్రంగా తుడిచి, విరిగిన కీబోర్డు, పాత ఛార్జర్లతో కలిపి పాత సామాన్లు కొంటానని గల్లీలో కేకేసుకుంటూ వచ్చిన కబాడీవాలాకి ఇచ్చేసింది. ఇంత పద్ధతిగా, ఇంత బుద్ధిగా తమ కొంప తామే తీసుకునేవాళ్ళు చదువుకున్నవాళ్ళలోనే ఉంటారు.

మరి విన్నదా? వినలేదు. ఆపరేషన్ జరుగుతున్న రోజు ఇంటికొచ్చి మొదటి ఫైలు తెరిచింది. ఆయన గొంతు సవరించుకున్నారు. కుర్చీ కిర్రుమంది. తర్వాత “అమ్మడూ...” అన్నారు. ఆ ఒక్కమాటకే అనుగ్రహకు ఏడుపు తన్నుకొచ్చి ఆపేసింది. డాడీ ఇంటికొచ్చాక, కాస్త ధైర్యం వచ్చాక వింటాననుకుంది. ఎక్కడికి పోతాయి, ఉన్నాయి కదా అనుకుంది.

శనివారం పొద్దున ఆనందకుమారి ఆస్పత్రినుంచి ఫోన్ చేసింది. సోమవారం ఇంటికి పంపుతున్నారు, ఇకమీదట ఆయన ఊపిరి మెడకు పెట్టిన రంధ్రంలోంచే, గదిలో దుమ్ము రేణువు ఉండకూడదు, కంప్యూటర్‌నీ పాత పుస్తకాలనీ హాల్లోకి మార్చెయ్యమంది. అనుగ్రహ మార్చింది. తుడిచింది. మార్చిన చోట కంప్యూటర్ వేసి చూసింది. ‘టి’ లేదు.

మొదట ఆమె భయపడలేదు. కొత్తలో కూడా ఇలాగే కనపడలేదు కదా, పేరు పెట్టగానే వచ్చింది. అదే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచింది. నల్ల పట్టీ కోసం చూసింది. నల్లదీ లేదు, పేరు పెట్టాక కనిపించిన నీలందీ లేదు. జరిపినప్పుడు ఏదో వదులై ఉంటుందని తనకు తనే చెప్పుకుని పక్క మూత విప్పింది. కేబుల్ ఊడదీసి మళ్ళీ గుచ్చింది. లేదు. కేబుల్ మార్చింది. లేదు. వేరే సందులో పెట్టింది. కరెంటు వైరు మార్చింది. కంప్యూటర్ లేచీ లేవకముందే మీట నొక్కి, లోపల ఏమేం ఉన్నాయో చూపించే పేజీకి వెళ్ళింది. అక్కడా లేదు. డిస్క్ మీద అరచెయ్యి పెట్టి చూసింది. లోపల ఏదో తిరగబోయి, తిరగలేక ఆగిపోతోంది. కాసేపాగి మళ్ళీ తిరగబోతోంది. చేతికి తెలిసే ఆ చిన్న అదురు ఆమెను పూర్తిగా భయపెట్టింది. వెంటనే సుహాస్‌కి ఫోన్ చేసింది.

“పరేషాన్ కాకు. వస్తున్న. అప్పటిదాక దాన్ని ముట్టకు,” అన్నాడు అతను. మునిర్కానుంచి రెండు మెట్రోలు మారి మధ్యాహ్నానికి వచ్చాడు. చేతిలో స్క్రూడ్రైవర్ల సంచీ, డిస్క్‌ని లాప్‌టాప్‌కి తగిలించే చిన్న డబ్బా. ఆమె చేసినవన్నీ తనూ మళ్ళీ చేశాడు. కేబుల్, సందు, కరెంటు. తర్వాత డిస్క్‌ని విప్పి తన డబ్బాలో పెట్టి లాప్‌టాప్‌కి తగిలించాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మెల్లగా బల్ల మీద పెట్టాడు.

“ఖరాబైందా?” అడిగింది అనుగ్రహ.

“కావచ్చు. కొత్తవి గూడ అప్పుడప్పుడు గట్ల పోతయి. పోనీ, దుకాణంల ఇస్తే మార్చిస్తరు. పాతదాంట్ల ఉన్నయి గదా ఫైళ్ళు? మళ్ళ కాపీ కొట్టుకుందాం.”

అనుగ్రహ ఊడదీసిన కేబుల్‌ని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

“కాపీయే కొట్టినవ్ గదా?”

“కట్ చేశాను.”

“కట్టా? ఎందుకు?”

“డాడీయే చెప్పారు. తీసి పెట్టమని.” ఆ రెండు మాటలే ఆమె తెలుగులో అంది. తీసి, పెట్టు. మధ్యలో చిన్న ఖాళీ ఇచ్చి, బడి పిల్ల పాఠం ఒప్పజెప్పినట్టు విడివిడిగా అంది.

సుహాస్‌కి అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక అతని మొహం చూడాల్సిన అవసరం ఎవరికీ రాకూడదు.

“తీసిపెట్టుడంటే గట్ల కాదు అనుగ్రహా,” అన్నాడు మెల్లగా. “అది రెండు మాటలు కాదు. ఒక్కటే మాట. నేను ఊరికి పోతే మా అమ్మ, నీకోసం కూర తీసిపెట్టిన్రా అంటది. అంటే దాచింది అని. భద్రంగ ఉంచింది అని. గంతే.”

“కూరైనా గిన్నెలోంచి తీస్తేనే కదా డబ్బాలో పెట్టేది? తీస్తే గిన్నెలో ఉండదు కదా?” అంది అనుగ్రహ. వాదించడానికి అనలేదు. ఎవరైనా ఆ మాట ఒప్పుకుంటే బాగుండునని అంది.

“ఉండదు,” అన్నాడు సుహాస్. “పాత డిస్క్ ఏడుంది?”

ఆ ప్రశ్నకు కూడా ఆమె జవాబు చెప్పింది. ఇద్దరూ కిందికి దిగి, గల్లీ గల్లీ తిరిగి ఆ కబాడీవాలాని పట్టుకున్నారు. అతను బండి ఆపుకుని అయ్యో అన్నాడు. సరుకు ఏ రోజుది ఆ రోజే గోదాముకి వెళ్ళిపోతుందన్నాడు. గోదాముకీ వెళ్ళారు. అక్కడ కంప్యూటర్ల గుట్టలు మనిషెత్తున ఉన్నాయి. దొరికినా ఏం లాభం లేదని, పూర్తిగా తుడిచినదాంట్లోంచి ఏమీ రాదని సుహాస్‌కి తెలుసు. తెలిసీ ఆమెతోపాటు చీకటి పడేదాకా ఆ గుట్టల్లో వెతికాడు.

చచ్చిన డిస్క్‌ల్లోంచి ఫైళ్ళు బయటికి తీసే ల్యాబ్ ఒకటుందంటే కొత్త డిస్క్‌ని అక్కడికి పంపారు. కొన్నాళ్ళకు వాళ్ళు ఫోన్ చేసి చెప్పారు. లోపల చదివే ముల్లు విరిగి పళ్ళెం మొత్తాన్ని గీకేసిందట. గీకినచోట ఇక ఏమీ ఉండదట, సారీ మేడమ్ అన్నారు. ఆమె థాంక్యూ అని ఫోన్ పెట్టేసింది.

ఇంట్లో ఇంకెక్కడా ఆయన గొంతు లేదా అంటే, ఉంది. సహవాసం వాళ్ళ వీడియోల్లో ఉంది, అందరి గొంతులతో, కీబోర్డు మోతతో కలిసిపోయి. క్రిస్మస్ పాటల్లో ఉంది. దేవుణ్ణి పిలిచిన గొంతు ఎంత కావాలన్నా దొరుకుతుంది. కూతుర్ని పిలిచిన గొంతు లేదు. ఫోన్‌లో వెతికితే ఆయన పంపినవన్నీ టైపు చేసిన మెసేజీలే. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఓపిగ్గా కొట్టేవారు, కూతురికి తెలుగు అక్షరాలు రావు కనక. వాయిస్ పంపడం ఆయనకు బొత్తిగా నచ్చేది కాదు. మాట్లాడాలనుకుంటే ఇంటికొచ్చాక మాట్లాడుకోమా అనేవారు.

ల్యాబ్ ఫోన్ వచ్చిన సాయంత్రం అనుగ్రహ వంటింట్లో తల్లికి అంతా చెప్పింది. తోమాసు అప్పటికి ఇంటికొచ్చి లోపల నిద్రపోతున్నారు. ఆనందకుమారి గంజి కలుపుతోంది. గరిటె ఆగింది. కూతుర్ని తిట్టలేదు. తిడితే బాగుండునని అనుగ్రహకు అనిపించింది.

“ఆయన గొంతు నేను పెళ్ళయినకాడ్నించీ విన్నాను,” అంది చివరికి. “కోపంగా విన్నాను, ప్రేమగా విన్నాను, గురకపెడితే కూడా విన్నాను. నాకు చాలు. నీకోసమేనే ఆయన అంత కష్టపడ్డది.” కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ నర్సయిపోయింది. “ఇప్పుడే చెప్పకు. కుట్లు పచ్చిగా ఉన్నాయి, ఏడిస్తే ఊపిరాడదు. అడిగితే విన్నానను. తర్వాత నేనే మెల్లగా చెప్తాను.”

ఆయన అడిగారు. ఒళ్ళు కాస్త కుదుటపడి, ముక్కుకు పెట్టిన గొట్టం తీసేశాక మొదట ఆకలి సంగతి రాలేదు, నొప్పి సంగతి రాలేదు. ఫోన్ తీసుకుని ‘విన్నావా?’ అని కొట్టి కూతురికి చూపించారు. అనుగ్రహ తలూపింది. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి ఆమె బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడ్చింది.

తర్వాత రోజూ ఏదో ఒకటి అడిగేవారు. ‘ప్రార్థన బాగుందా?’ బాగుంది డాడీ. ‘గొంతు మరీ బొంగురుగా ఉందా?’ లేదు డాడీ, చక్కగా ఉంది. అబద్ధాలాడటం ఇంత తేలికా అని ఆమెకే అసహ్యం వేసేది. తోమాసు మాత్రం రోజురోజుకీ కోలుకుంటున్నారు. ఆనందకుమారి అది మందుల వల్ల అనుకుంది. మందుల వల్ల కొంత. మిగతాది, తను చెప్పదలుచుకున్నదంతా చెప్పేశానన్న తెరిపి వల్ల. తన మాట కూతురి చెవిలో భద్రంగా ఉందని ఆయన అనుకుంటున్నారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం బాల్కనీలో ఎండ పడుతోంది. చలి ఇంకా పూర్తిగా పోలేదు. ఆనందకుమారి సహవాసానికి వెళ్ళింది. తోమాసు మెడకు పల్చటి గుడ్డ కట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. పక్కనే నేల మీద అనుగ్రహ కమలాపండు ఒలుస్తోంది. ఆయన ఫోన్ అందుకుని చాలాసేపు కొట్టి, చూపించడానికి మొహమాటపడి, చివరికి చూపించారు.

‘గొడుగు సంగతి విన్నావు కదా? అది చెప్పనా వద్దా అని చాలా ఆలోచించాను.’

గొడుగు సంగతి. గొడుగేమిటో, ఎవరి గొడుగో, ఆమెకు తెలియదు. పిల్లలకు చెప్పే వేడుక కథేదో అయ్యుంటుందనుకుంది. డాడీ మాట్లాడుకుంటూ గదిలో నవ్విన చప్పుడు గుర్తొచ్చింది.

“విన్నాను డాడీ,” అంది నవ్వుతూ. “భలే నవ్వొచ్చింది.”

తోమాసు కూతురి మొహంలోకి చూశారు. కోపం లేదు, అయోమయం ఉంది. తనేమైనా తప్పుగా చెప్పానా అని వెతుక్కుంటున్న మనిషిలా చూశారు. తర్వాత మెల్లగా కొట్టారు.

‘నవ్వొచ్చిందా?’

అనుగ్రహ చేతిలో కమలాతొన నలిగిపోయింది. ఇక ఆమెవల్ల కాలేదు. తల్లి చెప్పిన జాగ్రత్తలు, కుట్లు, ఊపిరి, అన్నీ గుర్తున్నాయి. అయినా ఆయన గొడుగు సంగతికి తను నవ్వానని ఆయన నమ్మడం అన్నిటికంటే ఘోరమనిపించింది.

“పోయింది డాడీ,” అంది. ఈసారి తెలుగులో అంది. ఒక్కో మాటా తడుముకుంటూ, ఎప్పుడూ నడవని దారిలో నడిచినట్టు అంది. “నేను వినలేదు. ఒక్కటీ వినలేదు. నువ్వు తీసి పెట్టు అన్నావ్. నేను తీసి... పెట్టాను. మొత్తం తీసేశాను. పాతదాంట్లో లేదు. కొత్తది చచ్చిపోయింది. నాకు ఆ మాట తెలీదు డాడీ. తీసిపెట్టు అంటే దాచిపెట్టమని నాకు తెలీదు.”

తోమాసు కదల్లేదు. మెడ దగ్గర గుడ్డ ఒకసారి ఉబ్బి, అణిగి, మళ్ళీ ఉబ్బింది. గట్టిగా ఊపిరి పీల్చుకోవడానికి కూడా ఇప్పుడాయనకు నోరు అక్కర్లేదు. కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి గాని ఏడుపుకు చప్పుడు లేదు. చప్పుడు లేని ఏడుపు ఆ పిల్ల అంతకుముందు చూడలేదు. భయపడి లేచి ఆయన భుజాలు పట్టుకుంది. ఆయన ఆమె చెయ్యి తీసి, రెండు చేతుల మధ్య పెట్టుకుని, తన చొక్కాతోనే ఆమె వేళ్ళకంటిన కమలారసం తుడిచారు. చాలాసేపు తుడిచారు.

తర్వాత ఫోన్ తీసుకున్నారు. కూతురు చూస్తుండగానే కొట్టారు.

‘పర్లేదమ్మా. మళ్ళీ చెప్తాలే.’

ఎన్నేళ్ళ అలవాటో ఆ మాట. లెక్క అర్థం కాలేదని ఏడిస్తే అన్నమాట. సైకిల్ మీంచి పడి, తొక్కడం రావట్లేదంటే అన్నమాట. చేతివేళ్ళు తమంతట తామే కొట్టేశాయి. కొట్టాక ఆయనే దాన్ని చదువుకున్నారు. బొటనవేలు తెర మీద ఆగింది. ఆ వేలు మెల్లగా చివరి అక్షరాన్ని చెరిపింది. తర్వాత దాని ముందుదాన్ని. అనుగ్రహ చూస్తూనే ఉంది, ఆపలేకపోయింది. ‘చెప్తాలే’ మొత్తం పోయింది. ‘మళ్ళీ’ మిగిలింది. దాని పక్కన ఆయన కొత్తగా కొట్టారు.

‘రాస్తాలే.’

కళ్ళజోడు సర్దుకుని, కుర్చీని ఎండలోకి కొంచెం జరుపుకుని, గొడుగు సంగతి మొదలుపెట్టారు. ఒక్కో అక్షరం వెతుక్కుని కొడుతున్నారు. అనుగ్రహ ఆయన మోకాలికి తల ఆనించి తెరను చూస్తూ కూర్చుంది. మొదటి మాట పడింది.

‘అమ్మడూ...’

ఆ ఒక్కమాట ఆమె విన్నదే.